ఉబ్బని ప్యాకెట్లు

వేడిగదిలో మూడో అర మీద, బుధవారం తీసిపెట్టిన అరవై నాలుగు పాల ప్యాకెట్లలో ఒకటి చచ్చిన కప్ప పొట్టలా ఉబ్బి ఉంది.

మల్లిక వెంటనే దాన్ని ముట్టుకోలేదు. గోడ మీది థర్మామీటర్ చూసింది. ముప్పై అయిదు డిగ్రీలు, సరిగానే ఉంది. చేతి గడియారం చూసుకుంది. శనివారం, పొద్దున ఎనిమిదీ పది. అప్పుడు గ్లౌజులు తొడుక్కుని, ప్యాకెట్‌ను రెండు వేళ్లతో పైకెత్తి, అంచున అచ్చయిన అంకెలు చదివింది. 11:44.

చిట్యాల దాటాక హైవే పక్కనున్న ఆ ఫ్యాక్టరీలో పాలను గట్టిగా మరిగించి, క్రిమి అనేది లేని అరలో, క్రిమి అనేది లేని అట్ట ప్యాకెట్లలోకి నింపుతారు. ఫ్రిజ్ అక్కర్లేదు. ఆరు నెలలు చెడవు. ఆ మాట నిజమో కాదో తేల్చేది ఈ వేడిగదే. నింపే మిషన్ నుంచి పావుగంటకోసారి రెండేసి ప్యాకెట్లు తీసి ఇక్కడ పెడతారు. లోపల ఒక్క క్రిమి బతికి ఉన్నా ఈ వేడికి అది లక్షలవుతుంది. పాలు పులుస్తాయి, గాలి పుడుతుంది, ప్యాకెట్ ఉబ్బుతుంది. అయిదు రోజులు అన్నీ చదునుగా ఉంటేనే ఆ రోజు సరుకు లారీ ఎక్కుతుంది. నాలుగేళ్ల ఉద్యోగంలో రెండో నంబర్ మిషన్ ప్యాకెట్ ఉబ్బడం మల్లిక చూడలేదు.

ల్యాబ్‌లో మూల కత్తిరించింది. సన్నగా బుస్సుమంది. పులుపు కొలిచే మీటర్‌ను పాలలో ముంచింది. మంచి పాలకు ఆరు పాయింట్ ఏడు చూపాలి. అయిదు పాయింట్ ఒకటి దగ్గర అంకె ఆగింది. అదే నిమిషంలో తీసిన జోడీ ప్యాకెట్ చదునుగానే ఉంది, కానీ దాన్ని కోసి చూస్తే ఆరు పాయింట్ రెండు.

"ఒక్కటే గదా?" అన్నాడు గిరి, ప్లాంట్ మేనేజర్. అతని కళ్లు ఫోన్ మీదే ఉన్నాయి.

"ఉబ్బింది ఒక్కటే సార్. దాని జోడీది ఉబ్బలే గని పులిసింది."

"సీలు కారి ఉంటది. ఏ మూలకెళ్లో గాలి లోపలికి పోయింటది."

"ఎర్ర సిరా పోసి చూసిన సార్. ఎక్కడ కారలే. ఏదున్నా బయటికెళ్లి లోపలికి పోలే. నింపేటప్పుడే లోపలున్నది."

గిరి ఫోన్ బోర్లించాడు. "జూడు మల్లికా. దసరా పండుగని రెండు దినాలు లైను బందు పెట్టినం. నారాయణపేట అంగన్‌వాడీలల్ల పాలు నిల్లు. మంగళారం పొద్దుగాల్ల లారీలొస్తయి. నలభై రెండు వేల ప్యాకెట్లు. ఒక్క దాని కోసం జర ఆగరాదు? సోమారం దాంక ఏం రాయకు."

గోదాంలో ఆ నలభై రెండు వేల ప్యాకెట్లు పసుపుపచ్చ బోర్డు కింద పేర్చి ఉన్నాయి. బోర్డు మీద 'ఆపి ఉంచినవి' అని రాసి ఉంది. ప్రతి ప్యాకెట్ మీదా స్ట్రాతో పాలు తాగుతున్న పాప నవ్వుతోంది.

నింపే హాలులోకి వెళ్లాలంటే చెప్పులు విడిచి తెల్ల బూట్లు వేసుకోవాలి. తల నుంచి మడమ దాకా ఒకే తెల్ల డ్రెస్సు, టోపీ, మాస్కు. మోచేతుల దాకా చేతులు కడగాలి. రిజిస్టర్లో పేరు, వేళ రాయాలి. ఆ డ్రెస్సుకు జేబులుండవు. ఒకప్పుడు ఎవరి జేబులోంచో పెన్ను మూత జారి మిషన్ కింద పడితే, అసలు జేబులే కుట్టొద్దని పట్టుబట్టింది గుర్వయ్యే.

గుర్వయ్య రెండో నంబర్ మిషన్ ఆపరేటర్. తిరుమలగిరి దగ్గర గొర్లు కాసిన ఇంట్లో పుట్టి, ఇప్పుడు యాభై ఆరో ఏట పదహారు అడుగుల స్టీలు మిషన్‌ను కాస్తున్నాడు. ఈనబోయే గొర్రె కడుపు తడిమినట్టు మిషన్ పక్కన అరచెయ్యి ఆనించి నిలబడతాడు. శబ్దంలో తేడా వస్తే తెరమీద ఎర్రదీపం వెలగకముందే ఆయన చెయ్యి మీటల మీదికి పోతుంది. ప్యాకెట్‌ను బొటనవేలితో ఒత్తి చూడటం, చెవి దగ్గర ఊపి వినడం మల్లికకు నేర్పింది ఆయనే. మిషన్ వెనక గోడకు కంపెనీవాళ్లు బిగించిన బోర్డు ఉంది: 'రెండవ మిషన్. పదకొండు సంవత్సరాలు. ఉబ్బినవి: 0.'

"ఏం బిడ్డా, పొద్దుగాల్లనే ముఖం గట్ల పెట్టినవ్? మీ అత్త ఉప్మా చేసిందా?"

"కాకా, ఒకటి ఉబ్బింది. బుధారం సరుకుల."

ఆయన అరచెయ్యి మిషన్ మీదే ఉంది. పేపర్ చుట్ట తిరుగుతోంది. క్రిములను చంపే మందుద్రావణంలో మునిగి తేలిన పేపర్ గొట్టంలా చుట్టుకుంటూ, పాలు నింపుకుంటూ, ముక్కలై కిందికి వస్తోంది.

"ఉబ్బిందా," అన్నాడు.

"నేను గూడ నమ్మలే."

"గోదాంల ఎలుక గీరినా ఉబ్బుతది బిడ్డా. ఒక్కొక్కపారి పేపర్ల సూది మొనంత బొక్క ఉంటది, మిషన్ ఏం జేస్తది? ఫికర్ జెయ్యకు."

వేడిగదిలోకి ఎలుక ఎట్లా వస్తుంది అని అడగబోయి మల్లిక ఊరుకుంది. బయటికి వచ్చి డ్రెస్సు విప్పుతుంటే ఏదో వెలితిగా అనిపించింది. ఆ మాటల్లో ఉండాల్సిందేదో లేదు. ఏమిటో తట్టలేదు.

ఆదివారం పొద్దున ఇంకో మూడు ఉబ్బాయి. 11:59వి రెండూ, 12:14ది ఒకటి.

ఈసారి గిరి ఫోన్ చూడలేదు. హాలు రిజిస్టర్ తెప్పించి, బుధవారం పేజీ మీద వేలు పెట్టి కిందికి జరిపాడు. వేలు ఒకచోట ఆగింది.

"దొరికింది."

పిలిపించిన పది నిమిషాలకు జానమ్మ వచ్చింది. కాంట్రాక్టు మీద ఆరేళ్లుగా అక్కడ ఊడ్చి తుడిచే మనిషి. తడి చేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ తలుపు బయటే నిలబడింది. గుర్వయ్యను కూడా పిలిపించారు.

"బుధారం పదకొండు నలభై మూడుకు లోపలికి పోయినవ్. యాభై రెండుకు బయటికొచ్చినవ్. ఉబ్బిన మొదటి ప్యాకెట్ నలభై నాలుగుది," అన్నాడు గిరి. "ఏ బకెట్ తీస్కపోయినవ్? బాత్రూందా?"

"అయ్యో, ఎందుకు తీస్కపోత సార్? హాలు బకెట్ హాలుకే ఉంటది. నీలిది."

"కాళ్లు కడిగినవా?"

"కడిగిన సార్. బూట్లేసుకున్న. గుర్వన్ననే పిలిచిండు, పాలు పడ్డయి తుడువుమని."

గిరి గుర్వయ్య వైపు తిరిగాడు. "లోపలికి వచ్చిందా, లేదా?"

"వచ్చింది సార్."

"కాళ్లు కడిగి వచ్చిందా?"

"నేను జూడలే సార్."

"నువ్వు పిలిస్తేనే వస్తి గదనే అన్నా!" అంది జానమ్మ. గొంతులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. గుర్వయ్య చేతి గ్లౌజుకు అంటిన పేపర్ పోగు ఒకటి చూసుకుంటూ నిలబడ్డాడు. దాన్ని మెల్లగా లాగి తీశాడు.

"సార్," అంది మల్లిక, "పాలు నింపేది మూసి ఉన్న అరల. బయట నేల తుడిస్తే లోపలికి ఏం పోదు."

"మరెట్ల పోయింది? చెప్పు." గిరి రిజిస్టర్ మూశాడు. "గసొంటోళ్లకు శుభ్రమంటే ఏందో మనం ఎంత చెప్పినా అంతే. రేపటి సంది రావద్దు. గేటు కార్డు మంగళారం ఇచ్చిపో."

జానమ్మ ఏడవలేదు. వరండాలో బల్ల మీద కూర్చుని బూట్లు విప్పింది. వాటి అడుగులు గుడ్డతో తుడిచి, మడమలు గోడకు ఆనేట్టు జంటగా పెట్టింది. టోపీ నాలుగు మడతలు చేసి బూటులో దోపింది. ఆ వరండాను కూడా ఆమే ఆ పొద్దున తుడిచింది. తడి ఇంకా ఆరలేదు. ఆ తడి మీద తన అడుగులు పడకుండా గోడ వెంబడి నడిచి వెళ్లింది.

"సరే, కారణం తెలిసింది," అన్నాడు గిరి. "ఆమె ఉన్నప్పటియి, ఆ ఎనకముందుయి తీసి పారబోద్దాం. పదకొండున్నర నుంచి పన్నెండున్నర. మిగిలినయి మంచియే. మంగళారం పంపుదాం."

"పన్నెండున్నర తర్వాతయి గూడ ఆనాడు రెండింటి దాంక నింపినం సార్. దగ్గర దగ్గర ఎనిమిది వేలు."

"ఉబ్బినయా?"

"లేదు సార్."

"మరి?"

తలుపు దగ్గర గుర్వయ్య ఇంకా వెళ్లలేదు. "సార్, రేపు మిషన్ విప్పి కడిగే దినం. నాకు సెలవే గని, నేనొచ్చి విప్పుత," అన్నాడు.

"ఎందుకయ్యా, పండుగ మరునాడే డ్యూటీకొస్తివి. మెకానిక్ కాటమయ్య విప్పుతడు తియ్యి. పోయి నిద్రపో."

మధ్యాహ్నం మల్లిక తిండి మానేసి, పన్నెండున్నర తర్వాతి ప్యాకెట్లలో జోడీకొకటి చొప్పున కోసింది. అన్నీ చదునుగా ఉన్నాయి. వాసన లేదు. గ్లాసులో పోస్తే తెల్లగా, నిండుగా, ఏ తప్పూ ఎరగనట్టు ఉన్నాయి. మీటర్ మాత్రం ఆరు పాయింట్ అయిదు అంది. తర్వాతది ఆరు పాయింట్ నాలుగు. పొద్దుటి నుంచి పదకొండున్నర దాకా నింపినవన్నీ ఆరు పాయింట్ ఏడే.

అన్ని క్రిములూ గాలి పుట్టించవు. కొన్ని చప్పుడు లేకుండా పెరుగుతాయి. ప్యాకెట్ మీది పాప నవ్వుతూనే ఉంటుంది.

ఫోన్ మోగింది. అక్క త్రివేణి. నారాయణపేట దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్.

"పాలెప్పుడొస్తయే? గ్లాసులు పట్టుకొని కూసుంటున్నరు పోరగాండ్లు. మొన్నటిదాంక నన్ను పాల టీచర్ అంటుండె ఒకడు. ఇప్పుడు నీళ్ల టీచర్ అంటున్నడు, నాలుగేండ్లు లేవు!"

మల్లిక నవ్వబోయింది. "అక్కా, పిల్లలకిచ్చే ముందట ప్యాకెట్లు చూస్తవా నువ్వు?"

"చూడకేం? ఉబ్బినయి పక్కకు పెడత."

"ఉబ్బకుంటే?"

"ఉబ్బకుంటే చూసేదేముంటది? స్ట్రా గుచ్చి ఇచ్చుడే. ఎందుకు అడుగుతున్నవ్?"

"ఊకెనే," అంది మల్లిక.

ఫోన్ పెట్టేసి గిరికి అంకెలు చూపిస్తే, అతను చూసి కాగితం తిరిగి ఇచ్చాడు. "ఆరు పాయింట్ నాలుగంటే పాలే గదా. పెరుగు కాలే గదా. కారణం తెలిసినంక మళ్ల మళ్ల తవ్వొద్దు."

కారణం. తేలాల్సింది అదే. తప్పు జానమ్మదైతే పోయేది ఒక గంట సరుకు. తప్పు లోపలి అరదైతే, ఆ నిమిషం నుంచి రెండింటి దాకా నింపిన ప్రతి ప్యాకెట్ పోవాలి.

సోమవారం కాటమయ్య రెండో నంబర్ మిషన్ ఆపి, లోపలి అర తలుపు బోల్టులు విప్పాడు. ఎప్పుడూ ఏదో ఒకటి గొణుగుతూనే ఉంటాడు. మల్లిక దూది పుల్లలతో లోపలి గోడలు తుడిచి గొట్టాల్లో వేసుకుంటోంది.

"ఇదేంది?" అంది. మీటల పెట్టె అడుగున నల్ల టేపుతో వేలెడంత ఇనుప ముక్క అంటించి ఉంది.

"అయస్కాంతం. ఈ తలుపు తీస్తే మిషన్ దానంతటదే ఆగుతది గదా. మళ్ల మొత్తం వేడి చేసి, మందు కొట్టి, శుద్ధి చెయ్యాలంటే రెండు గంటలు. గీ ముక్క తలుపు కాడ అంటిస్తే తలుపు మూసే ఉందనుకుంటది, పిచ్చి ముండ. రిపేరుల మేం వాడుతం. నా డబ్బాల ఉండాలె ఇది, ఈడికెట్లొచ్చిందో."

మల్లిక టార్చి వెలుగు మెల్లగా కిందికి దించింది. మడత చక్రం కింద, చెయ్యి పట్టని సందులో, వెలుగుకు ఏదో తెల్లగా మెరిసింది. పేపర్ పోగు అనుకుంది. పట్టకారుతో లాగింది.

ఆకు. చిటికెన వేలంత ఈనె. ఈనెకు రెండు పక్కలా బియ్యపు గింజలంత చిన్నచిన్న రేకులు, కొన్ని రాలిపోయాయి. రోజూ కొట్టే మందు ఆవిరికి పచ్చదనమంతా పోయి పాలలా తెల్లబడింది. కానీ ఆ ఆకును తెలంగాణలో పుట్టిన ఎవరూ పోల్చుకోకుండా ఉండరు.

సంచిలో వేసి మూతి బిగించింది. గిరికి చూపిస్తే ఏమంటాడో తెలుసు: జానమ్మ చీపురుకు అంటి వచ్చిందంటాడు. అందుకే సాయంత్రం నాలుగింటికి, చిట్యాలలో చర్చి వెనక సందులో జానమ్మ ఇంటి ముందు స్కూటీ ఆపింది.

జానమ్మ చాటలో పెసర్లు చెరుగుతోంది. ఆమె భర్త బెంజమిన్ గడప మీద కూర్చుని పంక్చరైన ట్యూబుకు నీళ్లు పట్టి బుడగలు చూస్తున్నాడు.

"రా బిడ్డా, కూసో. బెంజమిన్, ఆ కుర్చియ్యి. ట్యూబును తర్వాత జూస్తువు, అదేం పారిపోదు."

"పారిపోయే గాలినే ఎతుకుతున్న," అన్నాడు బెంజమిన్, లేస్తూ.

"అక్కా, ఆనాడు పాలు చాన పడ్డయా?" అంది మల్లిక.

"ఏడ చాన? ఒక్క ప్యాకెట్టంత. మిషన్ కాడ గూడ గాదు, గోడ మూలకు. ఇట్ల పడ్డయేంది అనుకున్న."

"నువ్వు పోయేసరికి గుర్వయ్య కాక ఏం జేస్తుండె?"

"టోపీ చేతుల పట్టుకొని నేల జూస్తుండె. ఏం బోయిందన్నా అంటే, ఏం లే అన్నడు. రిజిస్టర్ల రాసినవా అని మాత్రం రెండుపార్లు అడిగిండు. సంతకం పెట్టిన అన్న. నాకు రాసుడు రాదు గద, సంతకం ఒక్కటే. ఆయననే వచ్చి టైము ఏసిండు."

మల్లిక సంచి తీసి చాట పక్కన పెట్టింది. జానమ్మ వంగి చూసింది.

"జమ్మాకు. తెల్లగయిందేంది?"

"ఆనాడు నీ దగ్గర ఏమన్న ఉండెనా అక్కా? చీర చెంగుకు గాని, చీపురుకు గాని..."

జానమ్మ నవ్వింది. "నా దగ్గర యాడిది బిడ్డా? ఆరేండ్లాయె ఆ కంపెనీల. ఏటా దసరా మరునాడు గేటు కాడ అందరు అందరికి జమ్మాకును బంగారమని చేతుల పెడతరు, కాళ్లు మొక్కుతరు, అలాయి బలాయి జేసుకుంటరు. నా కాడికొచ్చేటాలకు అందరి చేతులు ఖాళీ అయితయి. చర్చికి పోయేదానికి బంగారమెందుకనో, ఇంకెందుకనో. నేనడగను."

బుధవారం పొద్దున మల్లిక చేతిలోనూ జమ్మి కొమ్మ ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ గోపయ్యకు ఇచ్చింది. అక్కడే కుళాయి కింద జానమ్మ నీలి బకెట్ నింపుతోంది. కొమ్మకు ఇంకా ఆకులున్నాయి. మల్లిక పక్కనుంచి నడిచిపోయింది. హాలు బయట చేతులు కడిగే చోట...

అక్కడ ఆమె ఆలోచన ఆగిపోయింది.

చేతులు కడిగే చోట గుర్వయ్య ఉన్నాడు. అప్పటికే తెల్ల డ్రెస్సు వేసుకున్నాడు. ఆమె ఒక రెమ్మ తుంచి ఆయన చేతిలో పెట్టి కాళ్లకు మొక్కింది. "సల్లగుండు బిడ్డా" అని ఆయన ఆకును కళ్లకద్దుకున్నాడు. అలవాటుగా చెయ్యి నడుము పక్కకు జారింది. జేబు లేదు. ఆయనే తీయించిన జేబు. "బంగారం కింద పెట్టద్దు, పారెయ్యద్దు. ఏడ పెట్టుకోవాలె చెప్పు!" అని నవ్వి, టోపీ అంచు ఎత్తి, చెవి పైన జుట్టులో దోపుకున్నాడు. ఆమె కూడా నవ్వింది. ఆపలేదు.

శనివారం నాటి వెలితి కూడా అప్పుడే తెలిసింది. నాలుగేళ్లలో ఏ చిన్న లోపం చెప్పినా గుర్వయ్య నోట మొదట వచ్చే మాట ఒకటే: "టైమెంత?" తన మిషన్ మీద మొదటిసారి ప్యాకెట్ ఉబ్బిందంటే ఆయన టైము అడగలేదు.

అడగాల్సిన అవసరం ఆయనకు లేదు.

మంగళవారం ఏడింటికే మూడు లారీలు గోదాం ముందు వెనక్కి తిరిగి నిలబడ్డాయి. హమాలీలు పెట్టెలు భుజాలకెత్తుకుంటున్నారు. పసుపు బోర్డు ఎవరో తీసి గోడకు బోర్లించారు. గిరి చేతిలో విడుదల కాగితం ఉంది. దాని మీద ల్యాబ్ సంతకం ఒక్కటే ఖాళీ.

"పెట్టు మల్లికా. టైమైతుంది."

గేటు అవతల జానమ్మ నిలబడి ఉంది, మెడలో వేసుకోకుండా కార్డు తాడును వేలికి చుట్టుకుని. వాచ్‌మన్ గోపయ్య ఆమెను లోపలికి రానివ్వాలా వద్దా తేల్చుకోలేక బీడీ వెతుక్కుంటున్నాడు. అప్పుడే షిఫ్టుకు వచ్చిన గుర్వయ్య, అన్నం డబ్బా పట్టుకుని, ఆమె వైపు చూడకుండా గేటు దాటాడు.

మల్లిక కాగితం తీసుకుంది. సంతకం చోట 'ఆపాలి' అని రాసింది. రాసి గిరికి ఇవ్వలేదు. నడుచుకుంటూ వెళ్లి గుర్వయ్య ముందు నిలబడింది.

"చెయ్యి పట్టు కాకా."

ఆయన అలవాటుగా చెయ్యి చాచాడు. ఆమె సంచి విప్పి ఆకును ఆ అరచేతిలో వేసింది. ఎండలో అది ఉప్పు రేణువులా మెరిసింది.

"నేనిచ్చిందే," అంది. "కింద పెట్టద్దంటివి. నేను గూడ టోపీల పెట్టుకోవద్దని అనలే. అందుకని నాది గూడ తప్పున్నది. అది రాసిస్త. మిగిలింది నువ్వు జెప్పు."

"ఏం నడుస్తుంది ఆడ?" గిరి వచ్చాడు. "గుర్వయ్యా, పో, లైను చాలు జెయ్యి. మల్లికా, ఆ కాగితం ఇటియ్యి. ఏం రాసినవ్ దాని మీద?"

గుర్వయ్య కదల్లేదు. లారీ మీద ఉన్న హమాలీతో, "పెట్టె దించు," అన్నాడు. గొంతు పెద్దది కాదు. అయినా హమాలీ దించాడు. ఆయన అన్నం డబ్బాను నేల మీద పెట్టాడు. ఆకున్న పిడికిలి మాత్రం కిందికి దించలేదు.

"పదకొండు ముప్పై ఎనిమిది," అన్నాడు. "గప్పటి సంది రెండింటి దాంక నింపినయన్ని పారబొయ్యాలె సార్. ఉబ్బినయి, ఉబ్బనియి, అన్ని."

"నీకేమన్న..."

"పేపర్ అతుకు కాడ లోపల మడత పడ్డది. పద్ధతి ప్రకారం ఆపాలె, రెండు గంటలు శుద్ధి చెయ్యాలె. ఎనకకు తిరిగి జూస్తే బోర్డు మీద సున్న. పదకొండేండ్లు నిలబెట్టిన సున్న. కాటమయ్య డబ్బాలకెళ్లి ముక్క తెచ్చి అంటించి తలుపు తీసిన. తల లోపల పెట్టి మడత లాగిన. నలభై సెకన్లు, లెక్క పెట్టుకుంటనే ఉన్న. తలుపు మూసినంక నెత్తి తడుముకుంటే ఆకు లేదు. గప్పుడన్న ఆపాలె. మిషన్ మీద చెయ్యి పెట్టిన. మంచిగనే నడుస్తుందనిపించింది. ఆపలే."

లారీ డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. గేటు దగ్గర జానమ్మ చువ్వలు పట్టుకుని వింటోంది.

"మరి నన్నెందుకు పిలిస్తివన్నా?" అంది. "పాలు తుడువనీకేనా?"

గుర్వయ్య మొదటిసారి ఆమె వైపు చూశాడు.

"పాలు పడలే జానమ్మా. నేలంత ఎతికిన, ఆకు దొరకలే. లోపల్నే ఉందని అర్థమైంది. రిజిస్టర్ కాడికి పోయి జూసిన. ఆ పూట హాల్ల నా పేరొక్కటే ఉన్నది. ఒక ప్యాకెట్ తీసుకొని, మూల కోసి, గోడకాడ నేనే పోసిన. పోసి నిన్ను పిలిచిన. టైము గూడ నా చేత్తోనే ఏసిన. రేపు ఏమన్న అయితే, నా పేరు కింద ఇంకో పేరుండాలెనని."